మంచు, నిప్పు, ఇంటిదొంగ

కణితిని కోసి తీయకుండా, ఉన్నచోటనే గడ్డకట్టించి గాని ఉడికించి గాని చంపే చికిత్సలు క్యాన్సర్ వైద్యంలో స్థిరపడి చాలాకాలమైంది. చర్మం గుండా సన్నని సూదిని కణితిలోకి దింపి, దాని మొనను మైనస్ 100 డిగ్రీల దిగువకు చల్లబరిచే పద్ధతిని క్రయో అబ్లేషన్ అంటారు. అటువంటి సూదితోనే విద్యుత్తునో మైక్రోవేవ్ తరంగాలనో పంపి కణితిని 60 నుంచి 100 డిగ్రీల దాకా వేడెక్కించే పద్ధతిని థర్మల్ అబ్లేషన్ అంటారు. కాలేయంలో, మూత్రపిండంలో, ఊపిరితిత్తిలో, ఎముకలో ఉన్న చిన్న కణితులకు ఇవి పెద్ద ఆసుపత్రులలో నిత్యం జరుగుతున్నవే కనుక, వాటి ఉపయోగం గురించి ఇక్కడ తగవు లేదు. తగవంతా వేరొక మాట గురించి: ఇలా చచ్చిన కణితి ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థకు పాఠంగా మారి, సూది తాకని చోట్ల దాగిన క్యాన్సర్‌ను కూడా ఆ వ్యవస్థ చేత వేటాడిస్తుందా? వేటాడించవచ్చుననే వాదిని సూదులతో పనిచేసే రేడియాలజిస్టుగాను, రుజువేదీ అని అడిగే ప్రతివాదిని మందుల ట్రయల్స్ నడిపే ఆంకాలజిస్టుగాను భావించి చదవవచ్చు. ఉష్ణోగ్రతలన్నీ సెంటీగ్రేడులో ఉన్నాయి.

వాది: క్యాన్సర్ కణం బయటి నుంచి చొరబడిన సూక్ష్మజీవి కాదు, అది దారి తప్పిన సొంత కణం. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత దీనికి అతికినట్టు సరిపోతుంది. అయితే ఈ దొంగ ఎంత ఇంటివాడైనా, జన్యువులు చెడిపోయినందువల్ల వాడి ఒంటిమీద కొన్ని కొత్త గుర్తులు, అంటే మునుపు ఆ ఇంట్లో లేని ప్రోటీన్ ముక్కలు, పుట్టుకొస్తాయి. వీటినే ప్రతిజనకాలు అంటారు. ఆ గుర్తులను బట్టి కణాలను చంపగలిగినవి టీ-కణాలనే తెల్లరక్తకణాలు. కాని వాటికి ఎవరో ఒకరు గుర్తు చూపించాలి. కొమ్మలవంటి చేతులు చాచి ఉండే డెండ్రిటిక్ కణాలు ఆ గుర్తులను ఏరి, లింఫు గ్రంథులకు మోసుకుపోయి, అక్కడ టీ-కణాలకు అందిస్తాయి. 1973లో ఈ కణాలను కనిపెట్టిన రాల్ఫ్ స్టైన్‌మన్‌కు 2011లో నోబెల్ బహుమతి వచ్చింది. 1994లో పోలీ మాట్జింగర్ ఈ సిద్ధాంతానికి ఒక మెలిక చేర్చింది: గుర్తు కొత్తదైనంత మాత్రాన డెండ్రిటిక్ కణం కదలదు, పక్కనే ఏదో ప్రమాదం జరిగిందన్న సంకేతం కూడా దానికి అందాలి. పెరుగుతున్న కణితి చప్పుడు చేయదు. దాన్ని గడ్డకట్టిస్తే గుర్తులూ బయటపడతాయి, గంటా మోగుతుంది.

స్టైన్‌మన్ పేరు వచ్చింది కనుక ఒక మాట. నోబెల్ ప్రకటన వెలువడేటప్పటికి ఆయన మరణించి మూడు రోజులైంది. క్లోమ క్యాన్సర్ బయటపడ్డాక ఆయన నాలుగేళ్లకు పైగా బతికాడు. ఆ కాలంలో తన సొంత డెండ్రిటిక్ కణాలతో చేసిన వ్యాక్సీన్లను తన మీదనే ప్రయోగించుకున్నాడు. ఆ ఆయుర్దాయంలో వాటి వాటా ఎంతో తేల్చి చెప్పడానికి మాత్రం ఆధారం లేదు. ఒక్క రోగి కథ నుంచి ఎంత తేల్చవచ్చుననే చిక్కు కింది మాటలన్నిటి వెనుకా ఉంది.

ప్రతివాది: సిద్ధాంతం ముచ్చటగా ఉంది, డాక్టరుగారూ. అయితే ఆరోగ్యవంతుడి ఒంట్లో రోజుకు వేల కోట్ల కణాలు చచ్చిపోతూనే ఉంటాయి, వాటిని పారిశుద్ధ్య కణాలు చడీచప్పుడు లేకుండా మింగేస్తూనే ఉంటాయి, ఏ గంటా మోగదు. చావు ఒక్కటే చాలదని దీన్నిబట్టే తెలుస్తోంది. మరి మంచుతో వచ్చే చావులో ఉన్న విశేషమేమిటి?

వాది: ఆ ప్రశ్నకు మంచు పనిచేసే తీరులోనే సమాధానం ఉంది. కణాలు నిర్ణీత క్రమంలో తమను తాము ముడుచుకుని చనిపోవడం ఒక రకం చావు. దాని పేరు అపొప్టోసిస్, మీరన్న చప్పుడులేని చావు అదే. పైపొర చిట్లి, లోపలి సరుకంతా బయట ఒలికిపోవడం రెండో రకం. దాని పేరు నెక్రోసిస్. సూది చుట్టూ చలి పెరిగేటప్పుడు మొదట కణాల మధ్యనున్న నీరు గడ్డకడుతుంది, దానితో మిగిలిన ద్రవంలో ఉప్పు చిక్కబడి కణంలోని నీటిని బయటికి లాగుతుంది. చలి మైనస్ 40 దాకా దిగితే కణం లోపలే మంచు పలుకులు ఏర్పడి పొరలను చీలుస్తాయి. తరువాత కరిగేటప్పుడు నీరు ఒక్కసారిగా లోపలికి దూరి మిగిలిన కణాలను ఉబ్బించి పగలగొడుతుంది. చివరికి సన్నని రక్తనాళాలలో నెత్తురు గడ్డకట్టి ఆ ప్రాంతమంతా ఎండిపోతుంది. అందుకే గడ్డకట్టించడం, కరగనివ్వడం అనే ఆవృత్తిని సాధారణంగా రెండుసార్లు చేస్తారు. ఈ పగిలిన కణాల నుంచి ఒలికే డీఎన్‌ఏ ముక్కలు, శక్తినిచ్చే ఏటీపీ అణువులు, కేంద్రకంలో ఉండవలసిన ప్రోటీన్లు, ఇవన్నీ మాట్జింగర్ చెప్పిన ప్రమాద సంకేతాలే. మరొక విశేషం, అసలైనది, ప్రోటీన్ల రూపం చెడకపోవడం. వేడి 60 డిగ్రీలు దాటితే ప్రోటీన్లు కోడిగుడ్డు తెల్లసొన మాదిరిగా గట్టిపడి ఆకారం కోల్పోతాయి. మంచులో చచ్చిన కణితి దొంగ ముఖాన్ని చెరపకుండా రక్షకభటుడి చేతికి ఇస్తుంది.

ప్రతివాది: అంటే నిప్పును మీరే పక్కన పెట్టేస్తున్నారన్నమాట.

వాది: నిప్పులో రకాలున్నాయి, దాని సంగతి తరువాత. మంచుకు చరిత్ర ఎక్కువ. 1850 ప్రాంతంలో ఇంగ్లండులో జేమ్స్ ఆర్నాట్ అనే వైద్యుడు నలగ్గొట్టిన మంచులో ఉప్పు కలిపి, కుల్ఫీ డబ్బాల చుట్టూ వేసే మిశ్రమం వంటిదాన్నే, రొమ్ము క్యాన్సర్ పుండ్లమీద పెట్టేవాడు. మైనస్ 20 ప్రాంతానికి చేరే ఆ చలితో నొప్పీ రక్తస్రావమూ తగ్గేవి. 1961లో న్యూయార్కులో ఇర్వింగ్ కూపర్ అనే మెదడు శస్త్రవైద్యుడు, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని ప్రవహించే సూదిని తయారుచేయించాక, ఒంటి లోతుల్లోకి మంచును పంపడం సాధ్యమైంది. ఆ తరువాతి ముచ్చట బఫెలో నగరంలో జరిగింది. అక్కడి పరిశోధకులు కుందేళ్ల ప్రోస్టేట్ కణజాలాన్ని గడ్డకట్టించి చూడగా, ఆ జంతువుల రక్తంలో తమ సొంత కణజాలానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు పుట్టాయని 1967లో వెల్లడైంది. క్రయో ఇమ్యునాలజీ అనే పేరు అప్పుడే వాడుకలోకి వచ్చింది. 1970లో సోన్స్, అబ్లిన్, గాండర్ అనే ముగ్గురు అదే నగరం నుంచి ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల గురించి రాశారు: గ్రంథిని మాత్రమే గడ్డకట్టించినా, కొందరిలో దూరాన ఉన్న వలస కణితులు, అంటే మూలస్థానం విడిచి ఇతర అవయవాలలో పెరిగిన కణితులు, తగ్గుముఖం పట్టాయి.

ప్రతివాది: కాకి వాలింది, తాటిపండు పడింది. కాకతాళీయ న్యాయం పుట్టింది ఇటువంటి సందర్భాల కోసమే. కొద్దిమంది రోగులు, మంచు పెట్టని మరికొద్దిమందితో పోలిక లేదు, వలస కణితులు తగ్గడానికి మరో కారణం లేదని తేల్చే ఏర్పాటు లేదు. ఏ చికిత్సా లేకుండానే క్యాన్సర్ తగ్గిపోవడం అరుదే అయినా అసంభవం కాదు. మూత్రపిండ క్యాన్సర్‌లోను, మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లోను వైద్యులు చూసినదే. కుందేళ్ల మాటకు వస్తే, ప్రతిరక్షకం రక్తంలో కనిపించడం వేరు, కణితిని చంపే టీ-కణం పుట్టడం వేరు. ఘనకణితుల విషయంలో చంపే పని ఎక్కువగా రెండవదానిది.

వాది: అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని స్థాలీపులాక న్యాయం కూడా మన శాస్త్రాలలోనిదే.

ప్రతివాది: ఆ న్యాయం చెల్లేది కుండలోని మెతుకులన్నీ ఒకే నీటిలో, ఒకే మంటమీద ఉడికినప్పుడు. రోగులు మెతుకులు కారు. ఒకరి కణితిలో వందల జన్యుమార్పులుంటే మరొకరి కణితిలో పది ఉంటాయి. ఒకరి కణితి నిండా టీ-కణాలుంటే మరొకరి కణితి వాటిని గడప తొక్కనివ్వదు. ఒక్కరిని పట్టి చూసి కుండ దించేస్తే అది వంట అవుతుందేమో గాని వైద్యం కాదు.

ఈ వాగ్వాదంలో ప్రతివాదిదే పైచేయి అని ఒప్పుకోక తప్పదు. 1970 నాటి నివేదికను తక్కువ చేయనవసరం లేదు. అది ప్రశ్నను పుట్టించింది, ఆ పని గొప్పదే. చిక్కల్లా దాన్ని జవాబుగా చదవడంలో వచ్చింది.

వాది: సరే, నిప్పు దగ్గరికి వద్దాం. జర్మనీలో బుష్ అనే వైద్యుడు 1868లో, న్యూయార్కులో విలియం కోలీ 1891 తరువాత గమనించినది ఒకటే: ఎరిసిపెలాస్ అనే చర్మవ్యాధి సోకి తీవ్ర జ్వరం వచ్చిన కొందరు క్యాన్సర్ రోగుల కణితులు కరిగిపోయాయి. కోలీ మొదట బతికిన సూక్ష్మజీవులను, తరువాత చంపిన సూక్ష్మజీవుల మిశ్రమాన్ని ఎక్కించి, కావాలనే జ్వరం తెప్పించేవాడు. జ్వరానికి, రోగనిరోధకానికి ఉన్న చుట్టరికం ఏమిటో ఈ మధ్యనే తేలుతోంది. బఫెలోలోనే, రోస్‌వెల్ పార్క్ సంస్థలో ఎలిజబెత్ రెపాస్కీ, షారన్ ఎవాన్స్ బృందాలు ఎలుకల ఒంటిని 39, 40 డిగ్రీలకు, అంటే మామూలు జ్వరం మట్టానికి, వేడెక్కిస్తే లింఫు గ్రంథులలోకి తెల్లకణాల రాకపోకలు పెరుగుతాయని చూపాయి. ఇక కణం లోపల జరిగేది మరీ ఆసక్తికరం. 1962లో ఇటలీలో ఫెరుచియో రిటోసా ఈగల లాలాజల గ్రంథులను పెంచుతున్న పెట్టెలో వేడి పొరపాటున పెరిగి, వాటి క్రోమోజోములమీద ఎన్నడూ చూడని ఉబ్బులు కనిపించాయి. వేడికి కణం ఇచ్చిన జవాబే అది. ఆ జవాబుగా తయారయ్యే ప్రోటీన్లను హీట్ షాక్ ప్రోటీన్లు అంటారు. చెదిరిన ప్రోటీన్లను చేయిపట్టి నిలబెట్టడం వీటి పని, ఆ పనిలో కణంలోని ప్రతిజనకాల ముక్కలు కూడా వీటికి అంటుకుని ఉంటాయి. కణం పగిలినప్పుడు ఈ జంట బయటపడితే డెండ్రిటిక్ కణం దాన్ని ఆబగా లోపలికి తీసుకుంటుంది. కణితుల నుంచి తీసిన ఇటువంటి ప్రోటీన్లతో ఎలుకలకు ఆ కణితుల మీదనే నిరోధకశక్తి కలిగించవచ్చునని 1980ల నుంచి చూపిన ప్రమోద్ శ్రీవాస్తవ, కణితి నిరోధకశక్తి మీద పరిశోధన మొదలుపెట్టింది హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీలోనే. ఆయన పీహెచ్‌డీ కూడా అక్కడిదే.

ప్రతివాది: శ్రీవాస్తవ పేరు ఎత్తి మీరు మంచిపని చేశారు, ఎందుకంటే ఆ కథ అక్కడితో ఆగలేదు. రోగి మూత్రపిండ కణితిని కోసి తీసి, అందులోని హీట్ షాక్ ప్రోటీన్‌ను వేరుచేసి, తిరిగి అదే రోగికి వ్యాక్సీన్‌గా ఇచ్చే పద్ధతిని, 800 మందికి పైగా రోగులను రెండు వర్గాలుగా విడగొట్టి పరీక్షించారు. 2008లో వెలువడిన ఫలితం ప్రకారం, వ్యాక్సీన్ తీసుకున్నవారిలోనూ తీసుకోనివారిలోనూ క్యాన్సర్ తిరగబెట్టడంలో చెప్పుకోదగిన తేడా లేదు. రష్యా ఆ ఏడాదే దానికి అనుమతినిచ్చినా, మిగిలిన ప్రపంచం ఇవ్వలేదు. శుద్ధిచేసి, కొలిచి, సూదిమందుగా ఇచ్చిన హీట్ షాక్ ప్రోటీనే చేయలేని పనిని, కణితిలో వేడిసూది గుచ్చితే యాదృచ్ఛికంగా ఒలికే అవే ప్రోటీన్లు చేస్తాయనడం ఎంతవరకు సబబు? ఇక ఎలుకలు. మీరు మెచ్చుకున్న రెపాస్కీ బృందమే 2013లో మరొకటి బయటపెట్టింది. ఎలుకకు హాయినిచ్చే గది ఉష్ణోగ్రత సుమారు 30 డిగ్రీలు. ప్రయోగశాలల్లో వాటిని ఉంచేది 22 డిగ్రీల ప్రాంతంలో, మనుషుల సుఖం కోసం. ఎప్పుడూ చలికి వణికే ఎలుకల్లో కణితులు వేగంగా పెరిగాయి, వెచ్చని గదిలోని ఎలుకల్లో టీ-కణాలు చురుకై కణితులు నెమ్మదించాయి. అంటే క్యాన్సర్ రోగనిరోధకం గురించి ఎలుకలు చెప్పిన సాక్ష్యంలో ఎంత భాగం గది చలి పలికించిందో మళ్లీ చూసుకోవలసి వచ్చింది.

వాది: అది వేడికి అనుకూలమైన సాక్ష్యమే కదా.

ప్రతివాది: వణుకుతున్న ఎలుకకు దుప్పటి కప్పితే మేలు జరిగిందన్న సాక్ష్యం. వణకని మనిషికి అది ఎంతవరకు వర్తిస్తుంది?

వాది: మనుషుల సాక్ష్యం కూడా ఉంది. 40 నుంచి 44 డిగ్రీల మధ్య ఒక గంటసేపు కణితిని వెచ్చబరచడాన్ని హైపర్‌థర్మియా అంటారు. ఇది ఉడికించడం కాదు, కాచడం వంటిది. 2000లో వెలువడిన నెదర్లాండ్స్ ట్రయల్‌లో, ముదిరిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవారిలో మూడేళ్ల తరువాత 27 శాతం మంది జీవించి ఉంటే, రేడియేషన్‌తో పాటు వేడినీ ఇచ్చినవారిలో 51 శాతం మంది ఉన్నారు. రోల్ఫ్ ఇసెల్స్ నాయకత్వంలో, సార్కోమా అనే మెత్తని కణజాలపు క్యాన్సర్ ఉన్న 341 మందిమీద జరిగిన ట్రయల్‌లో, కీమోథెరపీకి వేడిని జోడించిన వర్గంలో పదేళ్లు బతికినవారు 53 శాతం, జోడించని వర్గంలో 43 శాతం. ఇవి కాకతాళీయాలు కావు, చీట్లు తీసినట్టుగా యాదృచ్ఛికంగా వర్గాలు విడదీసిన ట్రయల్స్.

ప్రతివాది: ఆ రెండు ట్రయల్స్‌నూ గౌరవించవలసిందే. కాని అవి రుజువు చేసింది ఏమిటి? వేడి వల్ల కణితికి రక్తప్రసారం పెరిగి, ప్రాణవాయువు అంది, రేడియేషన్ కాటు పదునెక్కుతుంది. రేడియేషన్ వల్ల తెగిన డీఎన్‌ఏను అతుక్కునే యంత్రాంగం వేడికి మొద్దుబారుతుంది. కీమోథెరపీ మందు లోతుకు చేరుతుంది. మేలు జరగడానికి ఇవి చాలు. రోగనిరోధక వ్యవస్థకు అందులో వాటా ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఆ ట్రయల్స్ దాన్ని కొలవడానికి ఏర్పడినవి కావు. ఒకందుకు పోసిన మందు మరొకందుకు పనిచేసిందని చెప్పాలంటే ఆ రెండోది వేరుగా కొలిచి చూపించాలి.

ఇక్కడ వాది కాసేపు తగ్గినట్టు కనిపించినా, అసలు చర్చ ఇక్కడి నుంచే చిక్కబడుతుంది. అబ్లేషన్ వల్ల నిరోధకశక్తి పుట్టకపోతే నష్టమేమీ లేదు, పుడితే అదనపు లాభం అనే ధోరణి వైద్యులలోను, ప్రకటనలలోను తరచు వినిపిస్తుంది. ప్రతివాది దెబ్బ ఆ ధోరణి మీద పడింది.

ప్రతివాది: మంచూ నిప్పూ రోగనిరోధక వ్యవస్థను కదిలిస్తాయన్న మాటను అంగీకరించినా, ఎటువైపు కదిలిస్తాయన్నది తేలదు. పుండు మానడం కోసం శరీరం చేసే పనులు, అంటే కొత్త రక్తనాళాలు మొలిపించడం, కణాలను విభజనకు పురిగొల్పడం, వాపును చల్లార్చడం, అన్నీ క్యాన్సర్‌కు చుట్టపు పనులే. జంతువుల కాలేయాన్ని రేడియో ఫ్రీక్వెన్సీ విద్యుత్తుతో కాల్చినప్పుడు, ఆ గాయం మానే క్రమంలో పుట్టే పెరుగుదల కారకాలు దూరపు కణితులను పెంచాయని గోల్డ్‌బర్గ్ బృందం చూపింది. కణితిని పూర్తిగా కాల్చకుండా అంచులు మిగిలిపోతే, ఆ మిగిలిన భాగంలోకి నిరోధకశక్తిని అణచే కణాలు గుంపుగా చేరి, తరువాత ఇచ్చే ఇమ్యునోథెరపీ మందు కూడా పనిచేయకుండా అడ్డుకుంటాయని 2019లో చైనా పరిశోధకులు ఎలుకల్లో గమనించారు. మంచు కూడా ఈ నిందకు అతీతం కాదు. మిషిగన్‌లో మైఖేల్ సేబెల్ బృందం ఎలుకల రొమ్ము కణితులను కొన్నిటిని వేగంగా, కొన్నిటిని నెమ్మదిగా గడ్డకట్టించింది. వేగంగా కట్టించినప్పుడు కణితిని గుర్తుపట్టే టీ-కణాలు పెరిగాయి. నెమ్మదిగా కట్టించినప్పుడు నిరోధకశక్తికి కళ్లెం వేసే రెగ్యులేటరీ టీ-కణాలు పెరిగి, ఊపిరితిత్తుల్లో వలస కణితులు ఎక్కువయ్యాయి. అదే కణితి, అదే మంచు, తేడా వేగంలో ఒక్కటే. పెద్దమొత్తంలో కాలేయాన్ని గడ్డకట్టించిన రోగులలో కొద్దిమందికి క్రయో షాక్ అనే ప్రాణాంతక స్థితి, అంటే రక్తం గడ్డకట్టే శక్తి చెడి మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతినడం, వచ్చిందని కూడా మరువరాదు. గంట మోగితే రక్షకభటుడే వస్తాడని హామీ లేదు. దొంగకు దుప్పటి కప్పేవాడు కూడా వస్తాడు.

వాది: సేబెల్ ప్రయోగాన్ని మీరు నిందగా చదివారు, దానిలో ఒక సూచన కూడా ఉంది. వేగం మారిస్తే ఫలితం మారుతుందంటే, ఫలితం వైద్యుడి చేతిలో ఉందన్నమాట. సూది ఎంత త్వరగా చల్లబడాలి, ఎన్నిసార్లు కరగాలి, అంచులు ఎంత దాటాలి అన్నవి ఇప్పటిదాకా ఎక్కువగా కణితిని చంపడం కోసమే లెక్కగట్టారు, నిరోధకశక్తిని పుట్టించడం కోసం లెక్కగట్టినది చాలా తక్కువ. రెండవ సంగతి, ఇదే ముఖ్యమైనది: మంచు ఒంటరిగా యుద్ధం గెలుస్తుందన్న పాత పట్టును ఈనాడు గట్టివాదులెవరూ పట్టుకుని కూర్చోలేదు. టీ-కణాలమీద సహజంగానే రెండు ముఖ్యమైన కళ్లేలున్నాయి, సీటీఎల్‌ఏ-4 అని ఒకటి, పీడీ-1 అని మరొకటి. వాటిని వదులు చేసే చెక్‌పాయింట్ నిరోధకాలు అనే మందులకు దారి చూపినందుకు జేమ్స్ అలిసన్, తసుకు హొంజో 2018లో నోబెల్ అందుకున్నారు. అలిసన్ భాగస్వామిగా 2012లో వచ్చిన ఒక పరిశోధనలో, ఎలుకలకు ఒక వైపున్న ప్రోస్టేట్ కణితిని గడ్డకట్టించి, సీటీఎల్‌ఏ-4 కళ్లేన్ని వదులు చేసే మందు ఇస్తే, రెండో వైపు నాటిన కణితి చాలా ఎలుకల్లో పెరగలేదు. మంచు ఒక్కటే ఇచ్చిన ఎలుకలకు ఆ రక్షణ లేదు. మంచు పాఠం చెబుతుంది, మందు కళ్లెం విప్పుతుంది.

ప్రతివాది: మనుషుల్లో?

వాది: న్యూయార్కులో రొమ్ము తొలగించే ఆపరేషన్‌కు సిద్ధమైన 19 మంది స్త్రీలకు ముందుగా మంచు, లేదా ఇపిలిముమాబ్ అనే ఆ రకం మందు ఒక మోతాదు, లేదా రెండూ ఇచ్చి చూశారు, 2016లో ఫలితం వచ్చింది. ఆపరేషన్లు ఆలస్యం కాలేదు, రెండూ అందుకున్నవారి రక్తంలో, కణితిలో టీ-కణాల చురుకుదనానికి అనుకూలమైన మార్పులు కనిపించాయి. 2017లో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ నుంచి డఫీ బృందం, ముదిరిన కాలేయ క్యాన్సర్ ఉన్న 32 మందికి ట్రెమెలిముమాబ్ అనే మందుతో పాటు కొన్ని కణితులకు మాత్రమే అబ్లేషన్ చేసింది. అంచనా వేయదగిన 19 మందిలో ఐదుగురికి, అంటే 26 శాతం మందికి, సూది తాకని కణితులు చెప్పుకోదగినంత కుంచించుకుపోయాయి. 1970లో సోన్స్ చూసిన దృశ్యమే ఇది, ఈసారి కొలతలతో.

ప్రతివాది: కొలతలున్నాయి, పోలిక లేదు. అదే ట్రెమెలిముమాబ్‌ను అబ్లేషన్ లేకుండా ఒంటరిగా, అదే కాలేయ క్యాన్సర్‌కు ఇచ్చిన 2013 నాటి స్పెయిన్ పరిశోధనలో 17 మందిలో ముగ్గురికి కణితులు తగ్గాయి, అది 17.6 శాతం. ముగ్గురికీ ఐదుగురికీ మధ్య తేడాలో సూది వాటా ఎంతో, అదృష్టం వాటా ఎంతో ఏ గణితమూ చెప్పలేదు. పెద్ద ట్రయల్ ఒకటి ఉంది గాని, అది మీకు సంతోషం కలిగించదు. కాలేయ కణితిని కోసి తీసినవారికి, లేదా అబ్లేషన్‌తో చంపినవారికి, అటిజోలిజుమాబ్, బివాసిజుమాబ్ అనే రెండు మందులు ఏడాదిపాటు ఇస్తే క్యాన్సర్ తిరగబెట్టకుండా ఉంటుందా అని 668 మందిలో చూశారు. 2023లో మొదటి లెక్క తేలినప్పుడు మేలు కనిపించి అందరూ చప్పట్లు కొట్టారు. 2024లో మరింత కాలం గడిచాక చూస్తే ఆ మేలు నిలవలేదు.

వాది: ఆ ట్రయల్‌లో అధికశాతం ఆపరేషన్ చేయించుకున్నవారు, అబ్లేషన్ జరిగినవారు కొద్దిమందే. అంతకన్నా ముఖ్యంగా, అక్కడ మందు మొదలైంది కణితి పోయిన కొన్ని వారాల తరువాత. పాఠం జరిగేటప్పుడే విద్యార్థి తరగతిలో ఉండాలి. కణితి పగిలి గుర్తులు ఒలుకుతున్న రోజుల్లోనే కళ్లెం వదులు కావాలి. డఫీ బృందం మందును ముందు మొదలుపెట్టి, సూదిని తరువాత దించింది. ఈ వరుసను ఆ పెద్ద ట్రయల్ పరీక్షించనే లేదు.

ప్రతివాది: అయితే దాన్ని పరీక్షించండి. ఓడిన ప్రతి ట్రయల్‌కూ ఒక మినహాయింపు వెతకడం, గెలిచిన ప్రతి ఎలుకనూ రుజువుగా లెక్కించడం అనే రెండు తూకపు రాళ్లు విజ్ఞానశాస్త్రంలో చెల్లవు.

వాది: ట్రయల్ ఎలా ఉండాలో మీరే చెప్పండి, దానికి కట్టుబడవచ్చు.

ప్రతివాది: ఒంట్లో కనీసం రెండు కణితులున్న రోగులు కావాలి, వారందరికీ ఒకే చెక్‌పాయింట్ మందు ఒకే రోజు లెక్కన మొదలుకావాలి. వారిలో సగం మందికి, ఎవరికన్నది కంప్యూటర్ చీటీ తీస్తుంది, ఒక కణితిని నిర్ణీత వేగంతో గడ్డకట్టించాలి. కొలవవలసింది సూది తాకని రెండో కణితిని. కొలిచేవారికి రోగి ఏ వర్గంవాడో తెలియకూడదు. చివరి లెక్క మాత్రం కణితి పరిమాణం కాదు, రోగి ఎంతకాలం బతికాడన్నది. దీనితో పాటు మంచు బదులు వేడి పెట్టిన మూడో వర్గం కూడా ఉంటే, ప్రోటీన్ల రూపం చెడకపోవడం గురించి మీరు మొదట్లో చెప్పిన మాట కూడా తేలిపోతుంది.

వాది: ఇందులో అభ్యంతరం ఒక్కటే, ఖర్చు. ఒక్కో మోతాదు లక్షల్లో పలికే మందుతో వందల మందికి ట్రయల్ అంటే మన దేశంలో ఎవరు చేస్తారు? అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి, తల మెడ క్యాన్సర్ ముదిరిన 151 మందిలో, నివోలుమాబ్ అనే చెక్‌పాయింట్ మందును మామూలు మోతాదులో పదో వంతుకన్నా తక్కువగా, 20 మిల్లీగ్రాములు మాత్రమే, చవకైన నోటి మందులకు జోడించి చూసింది. ఏడాది తరువాత బతికి ఉన్నవారు ఆ మందు లేని వర్గంలో 16 శాతం, ఉన్న వర్గంలో 43 శాతం. ఇంత తక్కువ మోతాదుతోనే కళ్లెం వదులవుతున్నప్పుడు, దానికి ఒక మంచుసూదిని జోడించి చూడటం భారతదేశంలో చేయదగిన ట్రయలే. ఎలుకల మాట, 1970 మాట పక్కన పెట్టి ఆ ఫలితానికి తల ఒగ్గడం వాది పక్షానికి సమ్మతమే.

ప్రతివాది: ఆ ఫలితం అనుకూలంగా వస్తే ప్రతివాది పక్షం కూడా తల ఒగ్గుతుంది. అందాకా సూది దింపేది ఆ కణితి కోసమే అని రోగికి చెప్పండి. తక్కిన కణితుల గురించి మాట ఇవ్వకండి.

వాది దీనికి ఎదురు చెప్పలేదు, చెప్పవలసిన పని కూడా లేదు. 1967లో కుందేళ్లతో మొదలైన ఈ ప్రశ్నకు, దూరపు కణితులను నిరోధకశక్తితో తగ్గించడం కోసం గడ్డకట్టించడాన్ని గాని ఉడికించడాన్ని గాని ఏ క్యాన్సర్‌కూ ప్రామాణిక చికిత్సగా స్థిరపరిచే జవాబు ఇంతవరకు రాలేదు. జ్వరం తెప్పించి, లేదా మంచు పెట్టి, ఒంట్లోని క్యాన్సర్‌నంతటినీ నిరోధకశక్తి చేతనే మాన్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే, అది ట్రయలా కాదా అని రోగి బంధువులు ముందు అడగాలి. ట్రయలే అయితే దానికి నమోదు సంఖ్య ఉంటుంది. 2009 జూన్ 15 నుంచి మన దేశంలో ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించే ప్రతి ట్రయల్‌ను, భారత వైద్య పరిశోధన మండలి నడిపే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. ఆ పట్టికను ఎవరైనా ఉచితంగా తెరిచి చూసుకోవచ్చు.